రెండు అక్షరాల పనితనం

ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీలో చాలా నామవాచకాల పక్కన బ్రాకెట్లలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. సి అంటే లెక్కపెట్టదగినది, యు అంటే లెక్కకు రానిది. దాన్ని దాటేసి నేరుగా అర్థం దగ్గరికి పోవడం మనకు అలవాటు. కానీ పదానికి ముందు ‘ఎ’ పెట్టవచ్చా, చివర ‘ఎస్’ చేర్చవచ్చా, ‘మెనీ’ అనాలా ‘మచ్’ అనాలా అన్నది ఆ అక్షరమే తేల్చేస్తుంది.

ఈ పనితనం ఎ.ఎస్. హార్న్‌బీది. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన పంతులాయన. హెరాల్డ్ పామర్ వేసిన బాటలో నడిచి, గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్‌లతో కలిసి కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని తిరిగి వేసింది. జపనీస్‌లో నామవాచకానికి బహువచనం తప్పనిసరి కాదు. ఇంగ్లిష్‌వాళ్ళు ఆలోచించకుండానే పాటించే పద్ధతి అక్కడి విద్యార్థికి ప్రతి పదం దగ్గరా సందేహమే. ఆ సందేహానికే ఆయన జాగా కేటాయించాడు.

మన చిక్కు వేరు. శిడ్లఘట్ట తాలూకా సాదలి వైపు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. ఇంట్లో ‘పాలు ఉండాయి’ అన్న పిల్ల బడిలో ‘హాలు ఇదె’ అంటుంది. అవే పాలు ఒక భాషలో బహువచనం, ఇంకోదాంట్లో ఏకవచనం. లెక్క వస్తువును బట్టి కాక భాషను బట్టి మారుతుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పకుండానే వంటబట్టింది. ఇంగ్లిష్ కూడా అంతే. శిడ్లఘట్ట మార్కెట్లో పట్టుగూళ్ళను తూకం వేసి అమ్ముతారు, అయినా ‘కకూన్’ లెక్కపెట్టే పదమే. కుర్చీలనూ బల్లలనూ ఒక్కొక్కటిగా ఎంచవచ్చు, ‘ఫర్నిచర్’ మాత్రం యు. ‘ఇన్ఫర్మేషన్’, ‘అడ్వైస్’, ‘లగేజ్’ కూడా ఆ జాబితాలోవే. ఒక సలహా అనాలంటే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అనాల్సిందే.

అన్నిటికన్నా మెచ్చదగ్గది, గుర్తును పదానికి కాక అర్థానికి కట్టడం. నేటి ప్రతుల్లో ‘ఐరన్’ ఇనుమైతే యు, ఇస్త్రీపెట్టె అయితే సి. ‘పేపర్’ కాగితమైతే యు, దినపత్రిక అయితే సి. ‘కాఫీ’ పానీయంగా యు, హోటల్లో అడిగే కప్పుగా సి. ‘ఫర్నిచర్స్’ అన్నవాణ్ణీ ‘టూ కాఫీస్’ అన్నవాణ్ణీ ఒకే గాటన కట్టే మాస్టారు ఒక్కసారి ఈ నిఘంటువు తెరిస్తే, దిద్దుబాటు మొదటివాడికే అవసరమని తెలుస్తుంది.