మరిచిపోయిన మనిషే దాచిన రహస్యం

సైకలాజికల్ థ్రిల్లర్ అని ఇప్పుడు అందరూ పిలుస్తున్న కథారూపంలో రహస్యం పాత బీరువాలోనో పాడుబడిన బావిలోనో ఉండదు. అది కథలోని ఒక మనిషి మనసులోనే ఉంటుంది, పైగా ఆ మనిషికే దాని ఉనికి తెలియదు. అపరాధ పరిశోధన నవల చదివేవాడికి హంతకుడెవరన్నది తేలితే సరిపోతుంది. ఇక్కడ మాత్రం జరిగినదాన్ని ఒక మనసు ఎందుకు మరిచిపోవలసి వచ్చిందో తేలాలి, ఆ మరుపు వెనక ఏ ఇంటి గుట్టు ఉందో బయటపడాలి. రహస్యాన్ని రచయిత దాస్తే అది గారడీ అవుతుంది, పాత్రే తన నుంచి తాను దాచుకుంటే అది కథ అవుతుంది. ఈ కోవలో వచ్చిన నవలల్లోను, సినిమాల్లోను గింజనూ తాలునూ వేరుచేయడానికి ఈ ఒక్క భేదం చాలు. దాన్ని పరీక్షించి చూడడానికి పుదుచ్చేరి పట్టణం అనువైన చోటు, ఎందుకంటే ఈ శతాబ్దంలో ప్రపంచమంతా చదివిన అటువంటి కథ ఒకటి ఆ వీధుల్లోనే మొదలవుతుంది.

యాన్ మార్టెల్ 2001లో ప్రచురించిన ‘లైఫ్ ఆఫ్ పై’ నవలకు 2002లో బుకర్ బహుమతి వచ్చింది. ఆంగ్ లీ 2012లో దాన్ని సినిమాగా తీస్తే, ఉత్తమ దర్శకుడి పురస్కారంతో కలిపి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. పడవలో పులితో కుర్రాడి ప్రయాణంగా, దేవుడి మీద నమ్మకం గురించిన కథగా ఎక్కువమంది దాన్ని గుర్తుపెట్టుకున్నారు గాని, దాని కట్టడం విప్పి చూస్తే అది అచ్చంగా మరుపు మీద నిలిచిన థ్రిల్లర్. నెహ్రూ వీధిలోని ఇండియన్ కాఫీ హౌస్‌లో రచయితకు ఒక పెద్దాయన తారసపడడంతో నవల తెరుచుకుంటుంది. కథానాయకుడు పిసీన్ పటేల్ చదివింది పెటీ సెమినేర్ బడిలో; అతని తండ్రి నడిపే జంతు ప్రదర్శనశాల కల్పితమే అయినా, దాన్ని రచయిత పట్టణంలో నిజంగా ఉన్న బొటానికల్ గార్డెన్‌లో కొంత భాగంలో నిలబెట్టాడు. ఎమర్జెన్సీ రోజుల రాజకీయాలతో విసిగిన తండ్రి జంతువులను అమ్మేసి, 1977 జూన్ 21న మద్రాసులో కుటుంబంతో సహా కెనడాకు ఓడ ఎక్కుతాడు. జులై 2న ఓడ మునుగుతుంది. 227 రోజుల తరువాత మెక్సికో తీరం చేరేసరికి ఆ కుటుంబంలో పిసీన్ ఒక్కడే మిగులుతాడు.

అతడు చెప్పే మొదటి కథలో లైఫ్‌బోటు మీద కాలు విరిగిన జీబ్రా, హైనా, ఒరాంగుటాన్, రిచర్డ్ పార్కర్ అనే పేరున్న బెంగాల్ పులి ఉంటాయి. హైనా జీబ్రాను, ఒరాంగుటాన్‌ను చంపితే, హైనాను పులి చంపుతుంది. ఓడ మునకకు కారణం తెలుసుకోవడానికి ఆసుపత్రికి వచ్చిన జపాన్ అధికారులు ఒకమోటో, చిబా ఆ కథను నమ్మకపోవడంతో అతడు రెండో కథ చెబుతాడు: పడవలో ఉన్నది కాలు విరిగిన నావికుడు, ఓడలోని ఫ్రెంచి వంటవాడు, తన తల్లి, తాను. వంటవాడు నావికుడి కాలు కోశాడు, అతడు చనిపోయాక మాంసం తిన్నాడు, ఆ తరువాత తల్లినీ చంపాడు. అతణ్ని కొడుకు చంపాడు. అధికారులు రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూసుకుని, జీబ్రా నావికుడని, ఒరాంగుటాన్ తల్లి అని, హైనా వంటవాడని జత కలుపుకుంటూ వచ్చేసరికి, పులి ఎవరన్నది చెప్పకుండానే తేలిపోతుంది.

మనసు చేసే ఈ పనికి శాస్త్రంలో పాత పేర్లే ఉన్నాయి. భరించలేని అనుభవాన్ని మనసు తనలో ఒక ముక్కగా విడగొట్టి, అది వేరొకరిదన్నట్టు పక్కన పెట్టడాన్ని డిసోసియేషన్ అంటారు. ఫ్రెంచి మనస్తత్వవేత్త పియెర్ జానే 1889లో వెలువరించిన గ్రంథంలో దీన్ని విస్తారంగా పరిశీలించాడు. చేదు జ్ఞాపకానికి ముందు మరో జ్ఞాపకం అడ్డుగా నిలబడి, దానికి బదులు అదే గుర్తుండిపోవడాన్ని 1899లో ఫ్రాయిడ్ తెర జ్ఞాపకం అని వర్ణించాడు. పిసీన్ కథలో పులి ఈ రెండు పనులూ ఒక్కటే చేస్తుంది: చంపిన చేతిని అతని నుంచి విడగొడుతుంది, తల్లి చావుకు తెరగా నిలుస్తుంది. అయితే సిద్ధాంతానికి సరిపోయినంత మాత్రాన కథ గొప్పదైపోదు. ఇక్కడ మెచ్చుకోవలసింది ఆ తెరకు రచయిత ముందే పెట్టిన చిల్లులను.

మొదటి చిల్లు పుదుచ్చేరిలోనే ఉంది. జంతు ప్రదర్శనశాలలో అన్నింటికంటే ప్రమాదకరమైన జంతువు ఏదో చూడండని సందర్శకులను పిలిచే ఒక చిన్న తెరను తండ్రి ఏర్పాటు చేస్తాడు. కుతూహలం కొద్దీ దాన్ని తొలగించిన ప్రతివాడికీ అద్దంలో తన ముఖమే కనిపిస్తుంది. తొలి పఠనంలో అది జంతుప్రేమికుడి చమత్కారంగా సాగిపోతుంది, రెండోసారి చదివేటప్పుడు మాత్రం నవల మొత్తం ఆ తెర వెనకే ఉందని అర్థమవుతుంది. దాని వెంటనే వచ్చే ఘట్టంలో, ఆకలితో ఉంచిన పులి బోనులోకి తండ్రి ఒక మేకను వదిలించి, తల్లి వారిస్తున్నా వినకుండా ఇద్దరు కొడుకులకూ ఆ చావును దగ్గరుండి చూపిస్తాడు. పులి అంటే ఏమిటో ఆ పిల్లవాడు నేర్చుకున్నది అడవిలో కాదు, ఇంటి పెద్ద సమక్షంలో. కాబట్టే నడిసముద్రంలో తనలోని హింసకు రూపం వెతుక్కోవలసి వచ్చినప్పుడు ఆ మనసుకు అందుబాటులో ఉన్న రూపం అదొక్కటే.

రెండో చిల్లు కథ నడుమ ఉంది. చూపు పోయిన స్థితిలో పిసీన్‌కు సముద్రం మీద మరో పడవలో మరో గుడ్డివాడు ఎదురవుతాడు. అతనిది ఫ్రెంచి యాస, మాటలన్నీ తిండి గురించే, పైగా ఒక మగవాణ్ని, ఒక ఆడదాన్ని చంపానని ఒప్పుకుంటాడు. జంతువుల కథలో వంటవాడికి చోటు లేదు కదా, మరి ఈ ఫ్రెంచివాడు ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడన్న ప్రశ్న పాఠకుడికి అప్పుడు తట్టకపోవచ్చు గాని, అధికారులకు తడుతుంది. అణచిపెట్టిన జ్ఞాపకం తనను కప్పిన కథలోకే ఇలా ఊరడం ఈ కథారూపంలో అన్నింటికంటే కష్టమైన పని. ఆనవాలు మరీ బయటపడితే గుట్టు ముందే రట్టవుతుంది, మరీ లోతుకు పోతే ముగింపు అన్యాయంగా తోస్తుంది. సినిమాలో ఈ ఘట్టం లేకపోవడం నిజంగా లోటే.

పులి పేరులోనూ ఒక మరక ఉంది. 1884లో మునిగిన మిన్యొనెట్ అనే పడవ నుంచి బయటపడ్డవాళ్లు ఆకలికి తాళలేక చంపి తిన్న కుర్రాడి పేరు రిచర్డ్ పార్కర్. అంతకు ముందే, 1838లో ఎడ్గార్ అలన్ పో రాసిన నవలలో అదే గతి పట్టిన నావికుడి పేరూ అదే. నవలలో మాత్రం అది గుమాస్తా పొరపాటున వేటగాడి పేరు పులికీ, పులి పేరు వేటగాడికీ రాసెయ్యడం వల్ల వచ్చిన పేరు. మనిషీ పులీ కాగితం మీద తారుమారైన ఆ హాస్యం, కథ చివరికి తెలిశాక నవ్వు తెప్పించదు.

సాక్ష్యం విషయంలో రచయిత చూపిన నిజాయితీ వేరే చెప్పుకోవలసినది. ఒరాంగుటాన్ అరటిగెలల మీద తేలుతూ వచ్చిందంటే, అరటిపళ్లు నీటిలో తేలవని అధికారి కొట్టిపారేస్తాడు, గదిలోని సింకు నింపి వేసి చూడమంటాడు పిసీన్, వేస్తే తేలుతాయి. పడవ అడుగున దొరికిన చిన్న జంతువుల ఎముకలు కూడా మొదటి కథను పూర్తిగా కొట్టెయ్యనివ్వవు. ఆంగ్ లీ ఇక్కడ గొప్ప నిర్ణయం తీసుకున్నాడు. పులికి, తుపానుకు, మెరిసే సముద్రానికి సాంకేతిక హంగులన్నీ ధారపోసిన దర్శకుడు రెండో కథకు ఒక్క ఫ్లాష్‌బ్యాక్ అయినా వాడలేదు. ఆసుపత్రి మంచం మీద కూర్చున్న సూరజ్ శర్మ ముఖాన్ని, అతని గొంతును మాత్రమే మిగిల్చాడు. తల్లిగా హైదరాబాదులో పుట్టిన టబును అంతకు ముందే ఇంట్లో, తోటలో చూసి ఉన్న ప్రేక్షకుడు, ఆ చావును తెర మీద చూడకుండానే చూస్తాడు.

తెలుగు తెరకు మరుపు కొత్త సరుకు కాదు. తల మీద దెబ్బ తగిలి గతం మరిచిపోవడం, పతాక సన్నివేశంలో మరో దెబ్బ తగిలి అంతా గుర్తుకు రావడం దశాబ్దాల పాటు సాగిన వాడుక. అందులో మరుపు కథకు వీలుగా వచ్చిపోయే జబ్బే తప్ప దానికి లోపలి అవసరమంటూ ఉండదు. బాలు మహేంద్ర 1982లో తమిళంలో తీయగా తెలుగువారు ‘వసంత కోకిల’గా చూసిన సినిమాలోనూ ప్రమాదంలో తగిలిన దెబ్బే కారణమైనా, అక్కడ దర్శకుడు రహస్యం జోలికి పోకుండా, జ్ఞాపకం తిరిగి రావడమే మరొకరికి నష్టమయ్యే తీరును పట్టుకున్నాడు కాబట్టి అది ఆ వాడుకలో పడి కొట్టుకుపోలేదు. చంద్రశేఖర్ ఏలేటి ‘అనుకోకుండా ఒక రోజు’ (2005) కథానాయిక జీవితం నుంచి ఒక రోజును కత్తిరించి, ఆ ఖాళీని ఆమే పూరించుకునేలా నడిపిస్తుంది. మరుపుకు కారణం మత్తుమందు కాబట్టి లోతు తక్కువే అయినా, పోగొట్టుకున్నది ఏమిటో తెలియని మనిషే దాని కోసం వెతికే పరిశోధకురాలు కావడంలోని ఉత్కంఠను తెలుగులో అంత శుభ్రంగా నడిపిన సినిమాలు తక్కువ.

కుటుంబ రహస్యం విషయంలో దక్షిణాదికి సొంతమైన కట్టడం మరొకటి ఉంది. ఫాజిల్ తీసిన ‘మణిచిత్రతాళు’ (1993) నుంచి కన్నడ ‘ఆప్తమిత్ర’ (2004), తమిళ ‘చంద్రముఖి’ (2005) వచ్చాయి. వీటిలో పాత భవనంలోని మూసిన గది, దానిలో చచ్చిపోయిన నర్తకి కథ పైకి కనిపించే గుట్టు. అసలు గుట్టు కోడలి మనసులో ఉంటుంది. మలయాళ మూలంలో తల్లిదండ్రులు చిన్ననాడే వదిలి వెళ్లిపోవడం వల్ల ఒంటరిగా పెరిగిన ఆమె బాల్యం ఎవరూ ప్రస్తావించని విషయంగా ఉండి, చివరికి మానసిక వైద్యుడి ఆరాలో బయటికొస్తుంది. ఆమెలోని రెండో మనిషి భాష మారడం ఇక్కడి పెద్ద ఆనవాలు: మలయాళ సినిమాలో ఆ నర్తకి తమిళం మాట్లాడితే, కన్నడంలోను, తమిళంలోను ఆమె తెలుగు పాడుతుంది. పొరుగింటి భాషను అణచిపెట్టిన మనసు భాషగా చేయడం, నాలుగు భాషలు పక్కపక్కన బతికే ఈ నేలలోనే పుట్టగలిగిన ఉపాయం.

పాత భవనాల మోజు పుదుచ్చేరిలో కెమెరా పెట్టేవారికీ ఎక్కువే, అయితే అక్కడ ఒక చిక్కు ఉంది. 1761లో పట్టణాన్ని పట్టుకున్న ఆంగ్లేయులు దాన్ని దాదాపు నేలమట్టం చేశారు; యాత్రికులు ఫొటోలు తీసుకునే పసుపు గోడలు ఆ తరువాత కట్టుకున్నవే. ఫ్రెంచి గవర్నరు డూప్లే కాలపు గుట్టును ఆ గోడల్లో వెతకడం కంటే, ఆయన దుబాసీ ఆనందరంగ పిళ్లై 1736 నుంచి రాసుకున్న తమిళ దినచర్యలో వెతకడం మేలు. కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ పిళ్లై పేరు మీదే వెలసింది కాబట్టి తెలుగు సాహిత్య చరిత్రకు ఆయన పరాయివాడు కాడు. ఆయన మరణం తరువాత ఎనభై ఏళ్లకు పైగా ఇంట్లోనే పడి ఉన్న ఆ దినచర్య 1846లో వెలుగు చూసింది. 1904, 1928 మధ్య ఇంగ్లీషులో 12 సంపుటాలుగా అచ్చయింది. 1748 ముట్టడి నాళ్లలో వేదపురీశ్వరుడి గుడిని పడగొట్టిన సంగతి దగ్గర్నుంచి కోట లోపలి చాడీల దాకా అందులో ఉన్నాయి. అటకమీద దొరికే పాత డైరీ థ్రిల్లర్లలో అరిగిపోయిన వస్తువు. నిజమైన డైరీ స్వభావం దానికి పూర్తిగా విరుద్ధం. ఏనాటిది ఆనాడే రాసినవాడికి జ్ఞాపకాన్ని దిద్దుకునే వ్యవధి ఉండదు. ఏళ్ల తరబడి నెమరువేసి చెప్పిన కథలోనే మరుపు తన పని చేసుకోగలుగుతుంది.

సైకలాజికల్ థ్రిల్లర్ సంప్రదాయం చేసే మేలు ఇక్కడే ఉంది. జ్ఞాపకం జరిగిన దానికి నకలు కాదని, ప్రతిసారీ కొత్తగా అల్లుకునేదని అది సామాన్య పాఠకుడికి అనుభవంలోకి తెస్తుంది. మనస్తత్వవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ 1995లో 24 మంది మీద చేసిన ప్రయోగంలో, చిన్నప్పుడు బజారులో తప్పిపోయారన్న జరగని సంగతిని ఇంటివాళ్లు చెప్పినట్టుగా వినిపిస్తే, దాదాపు నాలుగో వంతు మంది అది తమకు కొంతైనా గుర్తుందన్నారు. అదే సంప్రదాయం చేసే కీడు కూడా చెప్పుకోవాలి: మానసిక రోగిని హంతకుడిగా చూపడం దానికి అలవాటైపోయింది, హిప్నాటిజం చేస్తేనో సూది మందు వేస్తేనో మరుగుపడిన నిజం పొల్లుపోకుండా బయటికొస్తుందన్న భ్రమనూ అదే పెంచింది. అనుమతి లేకుండా నార్కో పరీక్షలు చేయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి కేసులో తేల్చింది. మందు మత్తులో చెప్పిన మాటల్లో నిజమెంతో కల్పనెంతో నిర్ధారించలేమన్నది అప్పుడు చర్చకు వచ్చిన అంశాల్లో ఒకటి. తీర్పు వచ్చాక కూడా సినిమాల్లో డాక్టరు సిరంజి పట్టుకోగానే ఫ్లాష్‌బ్యాక్ మొదలవడం ఆగలేదు.

మెక్సికో ఆసుపత్రిలోని అధికారుల చేతిలో టేప్ రికార్డరు తప్ప సూదీ మందూ లేవు. రెండు కథల్లో ఏది బాగుందని పిసీన్ అడిగినప్పుడు ఇద్దరూ జంతువుల కథనే ఎంచుకుంటారు, పంపిన నివేదికలోనూ పులి ప్రస్తావన చోటు చేసుకుంటుంది. వాళ్లు అంతదూరం వచ్చింది ఓడ ఎందుకు మునిగిందో తెలుసుకోవడానికి. దానికి ఆ రెండు కథల్లో ఏదీ జవాబు చెప్పదు.