విషాన్ని వేళ్లలోనే ఆపే మొక్క

1998 ఏప్రిల్ 25న దక్షిణ స్పెయిన్‌లోని అస్నల్‌కోయార్ గని వ్యర్థాల కట్ట తెగింది. ఆమ్లపు నీరు, నల్లటి బురద గ్వాదియామార్ నది వెంట డోన్యానా జాతీయవనం అంచుదాకా పారాయి. సుమారు 4,600 హెక్టార్ల నేల సీసం, జింకు, కాడ్మియం, ఆర్సెనిక్‌ల పాలైంది. యంత్రాలు పెట్టి బురదతోపాటు పైమట్టినీ ఎత్తిపోశారు. అయినా మట్టిలో విషం ఎంతోకొంత మిగిలిపోయింది.

నూనె ఒలికితే సూక్ష్మజీవులు మెల్లగా తినేస్తాయి. సీసాన్ని మాత్రం ఏ జీవీ అరిగించుకోలేదు.

అందుకే సెవిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ నేలలోనే పసుపు లూపిన్ పెంచి చూశారు. ఇది మన కంది, చిక్కుడు కుటుంబానిదే. దాని వేళ్లకు నత్రజని అందించే బ్రాడీరైజోబియంతోపాటు, లోహాలను తట్టుకునే మరికొన్ని బ్యాక్టీరియాలను పట్టించారు. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఇలా పెంచిన మొక్కలు ఏపుగా ఎదిగాయి. లోహాలు ఎక్కువగా వేళ్ల దగ్గరే ఆగిపోయాయి, ఆకుల్లోకి ఎక్కింది తక్కువ. విషం నేలను వదిలిపోలేదన్న మాట నిజమే. కానీ పచ్చదనం కప్పిన నేల మీద అది దుమ్మై లేవదు, వానకు వాగులోకి కొట్టుకుపోదు. బీడు పడిన నేలకు ఇది చిన్న మేలేమీ కాదు.

ఇందులో అసలు కష్టం బ్యాక్టీరియాదే. వేరుశనగ మొక్కను పీకి వేరు బుడిపెను గోటితో చీల్చితే లోపల ఎర్రగా ఉండాలి. అలా ఉంటేనే అందులోని బ్యాక్టీరియా ద్వారా గాలిలోని నత్రజని మొక్కకు అందుతున్నట్టు. లోహాలు ఈ పనినే దెబ్బతీయగలవు. ఇంగ్లండ్‌లోని వోబర్న్‌లో 1942 నుంచి 1961 దాకా పొలాలకు మురుగు బురద ఎరువుగా వేశారు. దశాబ్దాల తర్వాత చూస్తే, ఆ బురదలోని లోహాల వల్ల తెల్ల క్లోవర్‌కు నత్రజని అందించే రైజోబియం దెబ్బతిని ఉంది. బుడిపెలు ఉన్నా పని చేయలేదు.

కాబట్టి రైజోబియం కల్చర్ ప్యాకెట్ తెచ్చి విత్తనానికి బెల్లం నీళ్లతో పట్టిస్తే చాలదు. కలుషిత నేలలోనే బతికి నిలిచిన రకాలను వెతికి పట్టాలి. లూపిన్ ఒక్కటే కాదు, చైనాలోని లేచాంగ్ సీసం, జింకు గని వ్యర్థాల మీద సెస్బేనియా పెంచి చూశారు. మన జీలుగ కూడా ఆ జాతిదే. పారిశ్రామిక వ్యర్థాలు పారిన నక్కవాగు లాంటి చోట్ల జీలుగ, జనుము చల్లే ముందు మట్టిలో ఏ లోహం ఎంత ఉందో పరీక్ష చేయించాలి. అక్కడ పెరిగిన పచ్చిరొట్టను పశువులకు వేయకూడదు, గింజను వంటింటికి తేకూడదు.