తరాలు మోసిన నోరు

పూర్వీకుల జాడకు పాత పత్రికల మరణ ప్రకటనలు, చర్చి సమాధుల రిజిస్టర్లు కొందరికి ఆధారమే. తుంగభద్ర ఒడ్డున రాజోలిలాంటి ఊళ్లో కాటికి చేరిన ముత్తాతకు రిజిస్టరెక్కడిది? జనన మరణాల నమోదు చట్టమే 1969 నాటిది. 2009 అక్టోబరులో ఊరిని ముంచిన వరదలాంటిదానికి కాగితమూ నిలవదు. అందుకే గోత్రాలు, తరాల వరస నోటితో మోసుకొచ్చిన వంశరాజుల పనిని, పద్మశాలీలకు కూనపులివారు చేసే పనిని పెద్ద విద్యగానే లెక్కిస్తాను.

కానుక కోసం పొగడ్త కలుపుతారు కదా అంటారు. కలుపుతారు, కాని అది ఎక్కువగా మూలపురుషుడి దగ్గరే. దగ్గరి తరాల పేర్లు పాలివాళ్ల ఎదుట చెప్పాలి. తప్పితే అక్కడే పట్టుకుంటారు. పత్రికల్లో మాత్రం చెడ్డవాడెవడైనా చనిపోయాడా? ఈసారి వాళ్లొస్తే చెప్పింది ఫోన్లో రికార్డు చేసుకోండి, పాత పహాణీల్లోని తండ్రి పేర్లతో సరిచూడండి.