ఆంధ్రనాయకశతకము: నిందకు గుఱి

దివిసీమయందలి పెదప్రోలు నివాసియగు కాసుల పురుషోత్తమకవి 18-వ శతాబ్ది యుత్తరార్ధమున రచించిన యాంధ్రనాయకశతకమును వ్యాజస్తుతికి మేలైన లక్ష్యముగాఁ బలువురు విమర్శకులు కొనియాడియున్నారు. ఆ మాట నిజమే. కాని యీ పేరొక్కటి పెట్టుటతోఁ గృతివిచారము ముగిసినదని తలంచుట పొరపాటు. నింద కేవలము వ్యాజమే యైనచోఁ దెర తొలఁగింపఁగానే లోపల స్తుతియే మిగులవలయును. ఈ శతకమునందు తెర తొలఁగిన పిదపఁ గూడఁ గొంత నింద మిగిలియే యున్నది. అది యెవరిని దాఁకుచున్నదన్నదే విచార్యము.

ఘంటసాలకుఁ జేరువ, కృష్ణాతీరమున శ్రీకాకుళమందు వెలసిన యాంధ్రమహావిష్ణువు ఈ శతకమునకు సంబోధ్యుఁడు. కళింగదండయాత్రకుఁ బోవుచు శ్రీకృష్ణదేవరాయలు స్వప్నమున నాముక్తమాల్యదారచన కాజ్ఞ వడసినది యీ స్వామివలననే. అట్టి దేవుని కోవెల పురుషోత్తమకవి నాఁటికి జీర్ణించెననియు, శతకము విన్న పిమ్మటఁ గవి కాశ్రయదాత యగు చల్లపల్లి ప్రభువు దానిని బాగుసేయించెననియు నైతిహ్యము కలదు. ఐతిహ్యము చరిత్ర కాదు. ఐనను శతకమును విన్నవారు దాని నెట్లర్థము చేసికొనిరో యది తెలుపుచున్నది. తిట్టు తగిలినది దేవునికి, కదలినవాఁడు ప్రభువు.

శతకమున మిక్కిలి ప్రసిద్ధమగు సీసమొకటి కలదు. స్వామికి లోకభారము మోయువాఁడన్న పేరు భూదేవి యిల్లాలగుటచే వచ్చినది. కోరిన వరము లిచ్చువాఁడన్న ఘనత లక్ష్మిది. పెద్ద సంసారియన్న బలము కొడుకైన బ్రహ్మది. పాపులను బవిత్రులఁ జేయునన్న ఖ్యాతి కూఁతురైన గంగది. ఇవి యన్నియుఁ దీసివేసినచో స్వామికి మొదటినుండియు సొంతమై మిగులునది దామోదరుఁడన్న పేరొక్కటే, అనఁగా యశోద నడుమునకుఁ గట్టిన త్రాటి గుర్తు. దీనిని జదివి నవ్వనివారుండరు. కాని యిందు జరుగుచున్నది పరిహాసము మాత్రమే కాదు. గ్రామకరణము కవిలెకట్ట విప్పి పద్దులు సరిచూచినట్లు, పని చేసినదెవరు, పేరు గొన్నదెవరు అని కవి లెక్క తేల్చుచున్నాఁడు. క్రిందివారి కష్టమునకుఁ బైవాఁడు కీర్తి గొనుట నిత్యము చూచుచుండిన సంస్థానశ్రోతల కిది వైకుంఠపు ముచ్చటగా మాత్రమే తోఁచియుండునా?

తక్కిన నిందాశతకములతోఁ బోల్చినచో నీ భేదము స్పష్టపడును. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రినారసింహశతకమునను, భల్లా పేరకవి భద్రగిరిశతకమునను వినవచ్చునది పరసేనలు పైఁబడుటచేఁ బుట్టిన యాక్రోశము. అపరాధి యెదుటనే యున్నాఁడు. దేవుఁ డూరకుండుటయే కవుల దుఃఖము. కంచెర్ల గోపన్న స్థితి వేఱు. ఆయన పాల్వంచ తహశీల్దారై రాజధనమును భద్రాచలాలయమునకు వెచ్చించి గోలకొండ చెఱఁబడినవాఁడు. నగల వెలలు పేరుపేరున నెంచి రాముని నిలదీయు కీర్తనలో, జవాబు చెప్పవలసినవాఁడే ప్రశ్నించుచున్నాఁడు. భక్తిదృష్టి నది హృదయద్రావకమే గాని ధర్మాధికరణమున నిలుచు వాదము గాదు.

పురుషోత్తమకవి కట్టి చిక్కు లేదు. ఆయన చేత ఖజానా లేదు, అధికారము లేదు. ఆశ్రయదాత ముఖమునఁ దప్పెన్నుట మాత్రము తగదు. కావుననే నిందను దేవునిమీఁదుగాఁ బంపెను. ఈ శతకమునకు బలమును నిందే, కొఱఁతయు నిందే. బాధ్యుఁడు తనకుఁ దగిలినదని యొప్పుకొన్నఁ గదా పని నెఱవేఱుట! పద్యము బాగున్నదని మెచ్చి, కవికిఁ దాంబూల మిచ్చి యూరకున్నచో నెవరేమి చేయఁగలరు? చల్లపల్లి ప్రభువట్లు చేయలేదని యైతిహ్యము. అది కవి యదృష్టము. పద్ధతి గొప్పతనము గాదు.

దేవునిపై నిడిన నింద మనుష్యుని విడిచిపోవు ప్రమాద మీ సీమలోనే మఱియొక రీతిఁ గానవచ్చినది. ఈ కవియే వేఱొక శతకమున హంసలదీవి గోపాలుని సంబోధించెను. ఆ హంసలదీవిని, అవనిగడ్డ పరిసరములందలి తీరగ్రామములను 1977 నవంబరు 19-వ తేదీ యుప్పెన ముంచెత్తెను. మృతులు దాదాపు 10,000. ఇట్టిచో దైవకృతమను మాట సులభముగా నోటికి వచ్చును. 1990 మేలో నీ తీరముననే మఱియొక ప్రచండమైన తుపాను తాఁకెను. లక్షలకొలఁది జనులు ముందుగాఁ దరలింపఁబడిరి. మృతుల సంఖ్య 1,000 లోపుననే నిలిచెను. రెండు తుపానులు నొక్కటి గావు. గాలి వేగము, నీటి యెత్తు భేదించియుండును. ఐనను ఆ యంతరమంతయు సముద్రునిదే యనుటకు వీలులేదు. హెచ్చరిక చేరవేయుట, రక్షణగృహములు కట్టుట, జనులను దరలించుట మనుష్యులు చేయు పనులు. 1977లో నంతటి తరలింపు జరగలేదు. ఆ పాలు దేవుని పద్దున వ్రాయుటకుఁ బురుషోత్తమకవి సీసము నెఱిఁగినవాఁ డెవఁడును సమ్మతింపఁడు. భూదేవి పాలు భూదేవికి, గంగ పాలు గంగకు విడఁదీసిన కవి మనుష్యుల పాలు మాత్రము విడఁదీయఁడా?

ఆంధ్రనాయకశతకమును ఇఁకముందు ముద్రించువారు వ్యాజస్తుతిలక్షణమును వివరించి విరమింపక, కోవెల జీర్ణతనుగూర్చిన యైతిహ్యమును, చల్లపల్లి సంస్థానముతోఁ గవికిఁ గల సంబంధమును బీఠికలోఁ జేర్చుట యావశ్యకము. అవి లేనిచో నీ పద్యములు వట్టి చమత్కారములుగా మిగులును.