అన్నం ఎవరు పెట్టేవారు?

మా పై అంతస్తులో ఉండే ఆవిడ మొదటిసారి మా ఇంట్లోకి వచ్చిన రోజు నేను నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేయడానికి ప్రూఫులు దిద్దుకుంటున్నాను. ఆ గ్రంథం నవలల్లో కనిపించే పిచ్చి స్త్రీల గురించి. కథ కోసం కల్పించినట్టు ఉంటుంది గానీ, అలాగే జరిగింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆవిడ లోపలికొచ్చి, నన్ను చూడనట్టే వంటింట్లోకి వెళ్ళి, సింకులో ఉన్న గిన్నెలన్నీ తోమి బోర్లించి, చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నా సహచరుడితో ఆ సంగతి నవ్వుతూ చెప్పాను.

నెల తిరిగేసరికి ఆ నవ్వు పోయింది. ఆవిడ రోజూ రావడం మొదలుపెట్టింది. బీరువా తెరిచి బట్టలు మంచం మీద పోసేది. ఫ్రిజ్‌లో పాలు సింకులో పారబోసేది. "ఇది మా అమ్మ గది. మీరెవరు?" అని నన్నే నిలదీసేది. ఒకరోజు రాత్రి రెండింటికి తలుపు బాదింది. ఇంకోరోజు నేను మేడమీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్ళి పది నిమిషాల్లో వచ్చేసరికి, నిద్రపోతున్న మా నాలుగేళ్ళ పాప మంచం పక్కన కూర్చుని గోడతో మెల్లగా మాట్లాడుతోంది. పాపని తాకలేదు. నావైపు కూడా చూడలేదు. అయినా నా కాళ్ళు చాలాసేపు వణికాయి.

మర్నాడే పైకి వెళ్ళి గట్టిగా ఫిర్యాదు చేశాను. వడ్రంగిని పిలిపించి మా తలుపుకి లోపలివైపు ఇంకో గడియ పెట్టించాను. అది బిగిస్తూ అతను యథాలాపంగా చెప్పాడు: "పై ఫ్లోర్‌లో కూడా ఒకటి పెట్టమన్నారు మేడం, ఆవిడ గదికి. బయటివైపు."

అదే వడ్రంగి, అదే రకం గడియ. మా ఇంట్లో లోపలికి, వాళ్ళింట్లో బయటికి. నా ఫిర్యాదు వల్లే ఆ రెండోది వచ్చింది. ఈ వ్యాసం ఆ రెండు గడియల గురించి.

వర్జీనియా ఉల్ఫ్ 1929లో రాయదలచిన స్త్రీకి డబ్బూ, తనదైన గదీ, ఆ గదికి తాళమూ ఉండాలని చెప్పిన పాఠాన్ని నేను ఎన్నో క్లాసుల్లో చెప్పాను. తాళం గురించి చెప్పేటప్పుడు ప్రతిసారీ నా గొంతు కాస్త పెరిగేది. అదే ఉల్ఫ్‌ని జబ్బు చేసినప్పుడల్లా డాక్టర్లు చదవొద్దు, రాయొద్దు అని పడకకి కట్టడి చేసిన సంగతీ చెప్పాను, కానీ వేరే క్లాసులో. ఈ రెంటినీ ఒకే తలుపుకి రెండు పక్కలుగా ఎన్నడూ చూడలేదు.

మా తరం పరిశోధకుల్లో చాలామందికి దారి చూపింది సాండ్రా గిల్బర్ట్, సుసాన్ గుబార్ 1979లో రాసిన 'ది మాడ్‌ఉమన్ ఇన్ ది ఆటిక్'. షార్లెట్ బ్రాంటీ నవల 'జేన్ ఐర్' (1847)లో రోచెస్టర్ మూడో అంతస్తులో బంధించి ఉంచిన మొదటి భార్య బెర్తాని వాళ్ళు జేన్‌కి రహస్య ప్రతిరూపంగా చదివారు. జేన్ దిగమింగుకున్న కోపాన్ని బెర్తా నిప్పుగా కక్కుతుందన్నారు. స్త్రీవాద విమర్శకి ఆ చూపు ఇచ్చిన శక్తి తక్కువది కాదు. అంతవరకు బెర్తా ఒక భయంకర వస్తువు మాత్రమే. నేను కూడా ఆ దారినే నడిచి, షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 'ది యెల్లో వాల్‌పేపర్' (1892) మీదుగా జీన్ రీస్ 'వైడ్ సర్గాసో సీ' (1966) వరకు వచ్చి, ఉన్మాదం పితృస్వామ్యం మీద స్త్రీ చేసే ధిక్కారమని తేల్చాను. డిగ్రీ ఇచ్చారు. మెచ్చుకున్నారు కూడా.

మరి ధిక్కారం నడిచి నా వంటింట్లోకి వచ్చినప్పుడు నేనెందుకు వడ్రంగిని పిలిచాను?

గడియ పెట్టించిన వారం 'జేన్ ఐర్' మళ్ళీ తీశాను. పెళ్ళికి రెండు రాత్రుల ముందు బెర్తా జేన్ గదిలోకి వస్తుంది. పెళ్ళి ముసుగు తన తలమీద వేసుకుని అద్దంలో చూసుకుంటుంది. దాన్ని రెండుగా చింపి తొక్కుతుంది. కొవ్వొత్తి జేన్ మొహం దగ్గర పెట్టి చూస్తుంది. జేన్ స్పృహ తప్పుతుంది. నా గ్రంథంలో ఈ ఒక్క సన్నివేశం మీదే పదకొండు పేజీలున్నాయి. ముసుగు చింపడం అంటే వివాహ వ్యవస్థని చింపడం అని రాశాను. జేన్ భయపడిందన్న సంగతి మాత్రం రాయలేదు. ఆ భయాన్ని ఒప్పుకుంటే ప్రతీక దెబ్బతింటుందని కాబోలు.

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి కనిపించింది. ఇదంతా విన్న రోచెస్టర్, సగం కల, సగం నిజం అనీ, వచ్చింది గ్రేస్ పూల్ అయి ఉంటుందనీ జేన్‌కి సర్దిచెప్తాడు. ఆ రాత్రికి పాప గదిలో పడుకుని తలుపు లోపలి నుంచి గట్టిగా వేసుకోమంటాడు. నవలలోనే రెండు గడియలూ ఉన్నాయి. బెర్తాకి బయటి గడియ, జేన్‌కి లోపలి గడియ. రెండూ ఒకే మగవాడి ఏర్పాట్లు. ఇద్దరు స్త్రీలు ఒకళ్ళకొకళ్ళు భయంగా మాత్రమే ఎదురుపడేలా ఆ ఇల్లు కట్టి ఉంది. బెర్తాని జేన్ ప్రతిరూపం అనేస్తే ఈ ఏర్పాటు మన కంటికి ఆనదు. ప్రతిరూపానికి వేరే ఆకలి, వేరే జబ్బు, వేరే జీవితం ఉండవు కదా.

ఈ మాట కొత్తది కాదు. మార్తా కామినేరో-సాంతాంజెలో 1998లోనే పిచ్చిని తిరుగుబాటుగా కీర్తించడాన్ని ప్రశ్నించింది. ఎలిజబెత్ డొనాల్డ్‌సన్ 2002లో, పిచ్చిని ధిక్కారానికి రూపకంగా మార్చినప్పుడు జబ్బు అనే శారీరక అనుభవమే కనిపించకుండా పోతుందని రాసింది. వీళ్ళిద్దరూ నా గ్రంథంలో ఉన్నారు, అడుగున, చిన్న అక్షరాల్లో.

ఇక్కడ నా ఇంకో తప్పు కూడా చెప్పాలి. మా అపార్ట్‌మెంట్ ఉన్న స్థలంలో ఒకప్పుడు ఆవిడ పుట్టిన పెంకుటిల్లు ఉండేదట. దాన్ని డెవలప్‌మెంట్‌కి ఇస్తే ఫ్లాట్లు వచ్చాయి. కాగితాలన్నీ తమ్ముడి పేరు మీదే ఉన్నాయి. నేను అద్దెకున్నదాన్ని. ఈ సంగతి తెలియగానే నాలోని విమర్శకురాలు లేచి కూర్చుంది. 'ఇది మా అమ్మ గది' అన్నది పిచ్చిమాట కాదు, నిజమే కదా! పుట్టింటి ఆస్తి పోగొట్టుకున్న ఆడపడుచు ఆక్రోశం కదా! 'వైడ్ సర్గాసో సీ' గుర్తొచ్చింది. రీస్ బెర్తాకి ఆంట్వనెట్ అనే పేరు తిరిగిచ్చింది. ఆమె ఆస్తి భర్త చేతికి పోవడం చూపించింది. చివరిభాగంలో, కాపలామనిషి నిద్రపోయాక తాళాలు తీసుకుని ఇల్లంతా తిరిగే ఆంట్వనెట్‌కి అది చొరబాటు కాదు, వెతుకులాట.

వ్యాసం మనసులో దాదాపు పూర్తయిపోయింది. కానీ ఆవిడ గోడలో నీళ్ళ పైపులోంచి మనుషులు తనని తిడుతున్నారని కూడా చెప్తుంది. పాలల్లో ఏదో కలిపారని అంటుంది. ఆ భయంతో రెండు రోజులు ఏమీ తినదు. ఇది ఏ ఆస్తి పత్రంతోనూ తీరేది కాదు. ఆస్తి విషయంలో జరిగింది అన్యాయమే. జబ్బు కూడా నిజమే. ఒకదాన్ని రెండోదానికి వివరణగా వాడుకోవడం నాకు అలవాటైన పని. ఆవిడ మాటల్లో నా సిద్ధాంతానికి పనికొచ్చేవి ఏరుకుని మిగతావి వదిలేస్తే, నేను కూడా ఆవిడ ఇంట్లోకి అడక్కుండా దూరినట్టే.

ఈలోగా అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. 'ఎర్రగడ్డకి పంపించెయ్యాలి' అన్నారు. హైదరాబాదులో ఆ ఊరిపేరే తిట్టు. అందరం సంతకాలు చేసి పోలీసులకి ఇద్దామని కాగితం తిప్పారు. నా దగ్గరికొచ్చేసరికి అందరూ నావైపే చూశారు. బాధితురాలిని నేనే కదా. చదివి చేస్తానని కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. చేద్దామనే తెచ్చుకున్నాను, ఇప్పుడు దాచుకోవడం ఎందుకు.

2018 నుంచి అమల్లో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని ఆ రాత్రి చదివాను. ఇరుగుపొరుగు సంతకాలతో ఎవరినీ ఆస్పత్రిలో పెట్టడానికి వీల్లేదు. స్వయంగా చేరలేని స్థితిలో ఉన్న మనిషి తరఫున ఆమె నామినేట్ చేసిన ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అదీ మొదట 30 రోజులకి మించి కాదు. సమాజం మధ్యలో బతికే హక్కు ఆమెకుంది. గొలుసులతో కట్టడం నిషేధం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో పాకకి నిప్పంటుకున్నప్పుడు గొలుసులు తెంచుకోలేక 28 మంది కాలిపోయారు. బెర్తా మంటల్లో పోవడం గురించి అన్ని పేజీలు రాసిన నేను ఎర్వాడి గురించి ఒక్క వాక్యం రాయలేదు.

ఆ చట్టంలోనే 101వ సెక్షన్ ఉంది. ఇంట్లో రోగిని బాధిస్తున్నారనో, నిర్లక్ష్యం చేస్తున్నారనో అనిపిస్తే ఎవరైనా పోలీసులకి చెప్పాలి. అంటే నేను ఆవిడ మీద కాకుండా, బయటి గడియ పెట్టించిన మరదలి మీద ఫిర్యాదు చెయ్యాలి. ఇంటిదగ్గరే అందే సేవలు, పునరావాసం కూడా చట్టంలో ఉన్నాయి. మా వీధిలో మాత్రం కనిపించవు. కనిపించేది ఆ మరదలొక్కతే.

సంతకం చెయ్యకుండా కాగితం తిరిగిచ్చేసి పైకి వెళ్ళాను. ఆ మరదలు ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. మిషన్ ఆపకుండానే మాట్లాడింది. "పదహారేళ్ళ నుంచి చూస్తున్నా మేడం. మందులేసుకుంటే నిద్రే నిద్ర, చేతులు వణుకుతాయి, అందుకని దాచేస్తుంది. నేను తలకి పోసుకునే పది నిమిషాల్లోనే మీ ఇంటికొచ్చేది. మీరొచ్చి అరిచారు. గడియ పెట్టకపోతే నేను స్నానం ఎప్పుడు చెయ్యను?"

నా దగ్గర సమాధానం లేదు. లోపలి గదిలోంచి ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ రోజు నెమ్మదిగా ఉంది. ఏం చదువుతావు అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక బెర్తా కథ చెప్పాను. మేడమీద గది, తాళం, పదేళ్ళు. శ్రద్ధగా వింది. నిప్పు గురించి అడగలేదు, మొగుడి గురించీ అడగలేదు.

"అన్నం ఎవరు పెట్టేవారు?" అంది.

గ్రేస్ పూల్ అని ఒకామె, జీతానికి ఉండేది అన్నాను. ఆవిడ మరదలివైపు చూసింది. "దీనికి జీతం లేదు" అంది.

నా గ్రంథం మూడొందల యాభై పేజీలు. అందులో గ్రేస్ పూల్ కాపలాదారు, తాగుబోతు, రోచెస్టర్ పనిముట్టు. బెర్తాకి తిండి పెట్టి, పక్కన పడుకున్న మనిషిగా ఒక్కచోటా లేదు. రీస్ తన నవల చివరిభాగాన్ని గ్రేస్ పూల్ మాటలతోనే మొదలుపెట్టింది. జీతం గురించి, ఆడదానికి బయటి లోకంకన్నా ఆ ఇల్లే నీడ అవడం గురించి ఆమె మాట్లాడుతుంది. ఎన్నిసార్లు చదివానో! ప్రతిసారీ ఆ పేజీ దాటి ఆంట్వనెట్ దగ్గరికి పరిగెత్తాను. పిచ్చిని ధిక్కారంగా చదివే విమర్శలో సంరక్షణకి చోటుండదు. తిరుగుబాటుదారుకి అన్నం పెట్టేవాళ్ళెవరో అడిగితే కథ నేలమీదికి వచ్చేస్తుంది.

పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు తన పేరు మరిచిపోయి వెతుక్కుంటూ తిరుగుతుంది. ఆ కథ పాఠం చెప్పేటప్పుడు మా క్లాసులో అమ్మాయిలంతా తమ తల్లుల్ని తల్చుకుంటారు. నేను పైనున్నావిడని తల్చుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఆవిడ మా భవనంలో అందరికీ 'పైనున్నావిడ', ఇంకా వెనకాల 'పిచ్చిది'. పేరు నేను అడిగింది ఆరోజే. ఇక్కడ ఆ పేరు లేకపోవడానికి కారణం వేరు. రాస్తున్నానని చెప్తే, "రాసుకో, పేరు పెట్టకు" అంది.

మేం ముగ్గురం ఒక ఏర్పాటు చేసుకున్నాం. నేను ఇంట్లో ఉన్న రోజుల్లో పదకొండింటికి ఆవిడ బెల్లు కొట్టి వస్తుంది. గంట ఉంటుంది. పైన మరదలు స్నానం చేసుకుంటుంది, లేదా నిద్రపోతుంది. ఆవిడ చేత గిన్నెలు తోమించుకోవడం తప్పనిపించి మొదట ఆపితే కోపమొచ్చింది. ఇప్పుడు ఇద్దరం తోముతాం. పాపకి స్కూలు లేని రోజు మాత్రం రావద్దని చెప్పాను. అందుకు సిగ్గుపడటం మానేశాను. భయపడే హక్కు జేన్‌కి ఉన్నట్టే నాకూ ఉంది. కొన్ని రోజులు ఏర్పాటు కుదరదు. బెల్లు అర్ధరాత్రి మోగుతుంది. మా గడియ మా తలుపుకి ఉంది. పైన బయటి గడియ కూడా ఉంది. తీసెయ్యమని అడిగితే మరదలు, "పగలు పెట్టను మేడం" అంది. రాత్రి సంగతి నేను అడగలేకపోయాను. రాత్రి కాపలా ఉండేది నేను కాదు.

దీన్ని సోదరీత్వం అనడానికి నోరు రావడం లేదు. అది చాలా పెద్దమాట. వారానికి నాలుగైదు గంటలు, అంతే. కానీ ఆ గంటల వల్ల నేను చదివే పద్ధతి మారింది. కథలో పిచ్చి స్త్రీ కనిపించగానే ఆమె దేనికి ప్రతీక అని అడిగేదాన్ని. ఇప్పుడు ఆమెకి ఏమవుతోంది, తలుపు ఎటునుంచి వేసి ఉంది, అవతల గదిలో భయపడుతున్నదెవరు అని అడుగుతున్నాను. అన్నం ఎవరు పెడుతున్నారన్నది అన్నిటికంటే ముందు.

ప్రూఫులు ఇంకా నా బల్లమీదే ఉన్నాయి. గ్రేస్ పూల్ మీద ఒక అధ్యాయం రాసేదాకా పుస్తకం అచ్చుకి పంపడం లేదు. రోజూ పదకొండు వరకే రాయగలుగుతున్నాను.