పుష్ప నోరు విప్పలేదు

నిసీమ్ ఎజెకీల్ ఇంగ్లీషు పద్యం ‘గుడ్‌బై పార్టీ ఫర్ మిస్ పుష్ప టి.ఎస్.’ చదివి నవ్వనివాళ్ళు అరుదు. 1976లో వచ్చిన ‘హిమ్స్ ఇన్ డార్క్‌నెస్’ సంపుటిలో ఉందది. విదేశం వెళ్తున్న పుష్పకి వీడ్కోలు సభ. ఉపన్యాసకుడు క్రియ కనబడితే చాలు, ‘ఇంగ్’ తోక తగిలిస్తాడు. గుర్తుండడం, తెలియడం లాంటివి పనులు కావు, స్థితులు. వాటికా తోక పనికిరాదంటుంది ఇంగ్లీషు వ్యాకరణం.

నవ్వొస్తుంది, నిజమే. కాని ఎవర్ని చూసి?

మా విశాఖపట్నం సంగతే చూడండి. 1933లో పోర్టు తెరిచారు. 1992లో ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైంది. ఈ రెండింటి పుణ్యమా అని ఒరియావాళ్ళూ, బెంగాలీలూ, తమిళులూ మాలో కలిసిపోయారు. ఒకరి భాష ఒకరికి రానిచోట ఇంగ్లీషే ఆసరా. “అయామ్ నోయింగ్ యువర్ బ్రదర్” అన్నంత మాత్రాన అర్థంకాక గాజువాక బస్సు దిగిపోయినవాళ్ళు లేరు.

మాతృభాష ప్రభావం అని తేల్చేస్తారు పండితులు. అది సగమే నిజం. మనం ‘నాకు తెలుసు’ అంటాం గాని ‘తెలుస్తున్నాను’ అనం కదా! ‘ఇష్టం’ అయితే అసలు క్రియే కాదు. కాని ‘నమ్ముతున్నాను’, ‘అనుకుంటున్నాను’, ‘కోరుకుంటున్నాను’ అంటాం. ఆ ‘తున్నా’యే ‘ఇంగ్’ వేషం కట్టి, దార్లో కనబడ్డ ‘నో’ని కూడా వెంటేసుకుపోయినట్టుంది. ఇది తెలివితక్కువతనం కాదు, ఒక లెక్క ప్రకారం జరిగిన పొరపాటు. అటునుంచి ఇటు వచ్చిన ‘నేను ఇద్దరు పిల్లలను కలిగి ఉన్నాను’ మాటేమిటి? అది అచ్చులో కనబడితే ఎవరూ నవ్వరేం?

2003లో మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు ‘అయామ్ లవిన్ ఇట్’ అని ప్రకటన వేస్తే దేశదేశాలవాళ్ళు పాడుకున్నారు. ఉద్యోగం కోసం వచ్చిన అమ్మాయి ‘అయామ్ నోయింగ్ టైపింగ్’ అంటే మాత్రం ఇంటర్వ్యూ గదిలో ముసిముసి నవ్వులు!

వ్యాకరణం నేర్చుకోవద్దని కాదు. పరీక్ష రాసే పిల్లలు నేర్చుకోవలసిందే. నేర్పడానికి నవ్వక్కర్లేదంటాను, అంతే.

ఎజెకీల్‌ని తప్పుపట్టను. ఆ ఉపన్యాసకుడి వచ్చీరాని ఇంగ్లీషులో నిజమైన ఆప్యాయత ఉంది. అది వినిపించడం కవి గొప్పతనం. నా పేచీ అల్లా ఒక్కటే. మిగతావాళ్ళ తర్వాత పుష్ప మాట్లాడుతుందంటాడు. పద్యం అక్కడితో అయిపోతుంది. పాపం, ఆవిడ చేసిందల్లా చిరునవ్వు నవ్వడమే. ఎక్కడ నవ్వుతారోనని తెలిసిన జవాబు కూడా మింగేసుకునే మన ఆడపిల్లలు గుర్తొచ్చి, ఆ చివరి పంక్తి దగ్గర నాకు మాత్రం నవ్వు రాదు.