పొక్లెయిన్ ఊపిరి

చెరువులు ఎండి పూడికతీత మొదలైన ఈ వారం పలమనేరు నుంచి కుప్పం దాకా ఎక్కడ చూసినా పొక్లెయిన్లే. పొక్లెయిన్ నిజానికి ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. యంత్రం ఏ కంపెనీదైనా చిత్తూరు జిల్లా ఊళ్లలో దాన్ని పిలిచేది పొక్లెయిన్ అని, కాకుంటే హిటాచీ అని.

బకెట్టును ఇంజనే నేరుగా ఎత్తదు. అది తిప్పేది హైడ్రాలిక్ పంపులను. పంపులు తోసిన ఆయిలు సుమారు 350 బార్ల ఒత్తిడితో హోసుల్లో పరిగెత్తి బూమునూ బకెట్టునూ ఆడిస్తుంది. చైన్లు కదిలినా, క్యాబిన్ గిర్రున తిరిగినా ఆ ఆయిలు బలమే.

ఆ పంపులను తిప్పే డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్ ఉండదు. పీల్చిన గాలిని పిస్టన్ పదహారు పదిహేడో వంతుకు అదిమేసరికి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన సూత్రం ఇదే. కాబట్టి ఈ ఇంజను ప్రాణమంతా గాలిలోనే ఉంది.

ఇవే యంత్రాలు పనిచేసే కుప్పం గ్రానైటు క్వారీలో గాలంటే దుమ్మే. అందులోని క్వార్ట్జ్ రేణువు ఇనుము కన్నా గట్టిది. చిటికెడు లోపలికి పోయినా లైనరునూ రింగులనూ అరగదీస్తుంది. కంప్రెషన్ పడిపోయి ఇంజను పొద్దున్నే మొరాయిస్తుంది, ఆయిలు తాగి నీలం పొగ వదులుతుంది. అందుకే ఎయిర్ ఫిల్టరు రోజూ విప్పి దులపాలని హెల్పర్లకు నూరిపోస్తారు. సాయంత్రమైతే ఫిల్టరును చైనుకేసి కొడుతున్న చప్పుడు క్వారీ అంతా వినిపిస్తుంది.

ఇంజనును తినేసేది చాలాసార్లు ఆ శ్రద్ధే. కొట్టిన దెబ్బకు కాగితం మడత చిరుగుతుంది, అంచు వంగి సీలు కూర్చోదు. విప్పిన ప్రతిసారీ గూటి అంచున పేరుకున్న దుమ్ము లోపలికి జారుతుంది. పైగా కాస్త దుమ్ము పట్టిన ఫిల్టరే కొత్తదాని కన్నా సన్నని రేణువులను ఆపుతుంది. ఫిల్టరు మూసుకుపోయిందని ఇండికేటరు హెచ్చరించేదాకా బయటి ఫిల్టరు జోలికి పోకూడదు. లోపలి చిన్న ఫిల్టరును ఎప్పుడూ శుభ్రం చేయకూడదు, మార్చడమే.

రోజూ చేయాల్సినవి వేరే ఉన్నాయి. పొద్దున్నే డీజిల్ సెపరేటరులో చేరిన నీళ్లు వదలాలి. సాయంత్రం ట్యాంకు నింపిపెడితే రాత్రి చలికి లోపల చెమ్మ పట్టదు. పని ముగిశాక టర్బో చల్లబడేలా మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపాలి. ఇంజన్ ఆయిలు గంటల మీటరు ప్రకారం మార్చాలి, దుమ్ము చోట ఇంకా ముందే.

రేపు హెల్పరు ఫిల్టరు మూత మీద చెయ్యి వేయబోతే, యజమానులారా, ముందు అతనికి ఇండికేటరు చూపించండి.